కార్బోహైడ్రేట్ల మీద వచ్చే పరిశోధనలు చదవడం ఎలా? అంకె పుట్టిన చోటు నుంచి మొదలుపెడదాం

ముందు ఒక చిన్న పని చేయండి. ఒక పచ్చి అరటికాయ, తొక్క మీద నల్ల మచ్చలు పడేంతగా మగ్గిన అరటిపండు ఒకటి తీసుకుని రెండింటినీ అడ్డంగా కోయండి. కోసిన చోట నీళ్లు కలిపిన టించర్ అయోడిన్ ఒక్కో చుక్క వేయండి (ఆ ముక్కలు తర్వాత పారేయాలి, తినకూడదు). పచ్చిదాని మీద చుక్క క్షణాల్లో నలుపు కలిసిన నీలం రంగుకు తిరుగుతుంది. మగ్గినదాని మీద మాత్రం చాలావరకు అయోడిన్ సొంత రంగే, అంటే ఆ పసుపు, గోధుమ రంగే మిగిలిపోతుంది. స్టార్చ్‌లో ఉండే అమైలోజ్ గొలుసు స్ప్రింగులా మెలితిరిగి ఉంటుంది, అయోడిన్ ఆ మెలికల్లో దూరి కూర్చుంటేనే ఆ నీలం వస్తుంది. పచ్చికాయ గుజ్జులో ఇంచుమించు ఐదో వంతు స్టార్చే. మగ్గేసరికి అది ఒకటి రెండు శాతానికి పడిపోయి, మిగతాదంతా సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారిపోతుంది.

ఇప్పుడు ఏదైనా పోషకాల పట్టిక తీసి 'మొత్తం కార్బోహైడ్రేట్లు' అన్న గడి చూడండి. రెండింటికీ దాదాపు ఒకే అంకె ఉంటుంది! కళ్ల ముందు రెండు వేరువేరు పదార్థాలు కనిపిస్తుంటే పట్టిక మాత్రం రెండూ ఒకటే అంటోంది. కార్బోహైడ్రేట్ల మీద వచ్చే వార్తల్లో సగం గందరగోళం ఆ ఒక్క గడిలోనే పుడుతుందని నా అభిప్రాయం. అందుకే 'కార్బ్స్ మంచివా చెడ్డవా' అన్న వాదనలోకి నేను దిగను. ఒక పరిశోధన పత్రం చేతికొస్తే దాన్ని ఏ వరుసలో విప్పాలో మాత్రం చెప్తాను.

1. ముందు అడగాల్సింది: ఏ కార్బోహైడ్రేట్?

పత్రంలో ఫలితాలకు పోకండి, నేరుగా పద్ధతుల విభాగానికి వెళ్లండి. అక్కడ కార్బోహైడ్రేట్ అంటే వాళ్ల లెక్కలో ఏమిటో వెతకండి. ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి.

ఒకటి, తీసివేత లెక్క. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో విల్బర్ అట్వాటర్ లాంటివాళ్లు ఆహారాల్లోని శక్తిని లెక్కగట్టే రోజుల్నుంచీ నడుస్తున్న పద్ధతి ఇది. ఆహారంలో నీరు, ప్రోటీన్, కొవ్వు, బూడిద (కాల్చాక మిగిలే ఖనిజాలు), ఈ నాలుగూ కొలుస్తారు. ఆల్కహాల్ ఉంటే అదీ కొలుస్తారు. అన్నీ కలిపి 100లోంచి తీసేస్తే మిగిలినదే కార్బోహైడ్రేట్. అంటే కార్బోహైడ్రేట్‌ను ఎవరూ కొలవలేదు, అన్నీ పోగా మిగిలినదానికి ఆ పేరు పెట్టారంతే. అందులో స్టార్చ్, చక్కెరలతో పాటు పీచు ఉంటుంది, లిగ్నిన్ (మొక్కలకు చెక్కలాంటి గట్టిదనమిచ్చే పదార్థం) ఉంటుంది, పుల్లటి పండ్లలో ఉండే సేంద్రియ ఆమ్లాలు కూడా ఉంటాయి.

రెండోది, జీర్ణమై రక్తంలోకి చేరగలిగే కార్బోహైడ్రేట్లను మాత్రమే లెక్కపెట్టడం. 1929లో బ్రిటన్‌లో మెక్‌కాన్స్, లారెన్స్ అన్న ఇద్దరు ఈ గీత గీశారు: ఒంటికి అందేవి ఒక పక్క, అందనివి ఇంకో పక్క. మధుమేహం ఉన్నవాళ్లకు ఆహార పట్టిక తయారుచేయాల్సి వచ్చినప్పుడు ఈ తేడా లేకుండా పని జరగదు మరి.

ఊహించిన అంకెలతో ఒక బ్రెడ్ లెక్క చేద్దాం. 100 గ్రాముల్లో నీరు 40, ప్రోటీన్ 8, కొవ్వు 3, బూడిద 2. కలిపితే 53, మిగిలింది 47. అందులో పీచు 7 గ్రాములు అనుకోండి. అమెరికా లేబుల్ మీద 'మొత్తం కార్బోహైడ్రేట్' 47 అని, దాని కిందే పీచు 7 అని వస్తుంది. యూరోపియన్ యూనియన్ లేబుల్ మీదైతే కార్బోహైడ్రేట్ 40 అని ఉంటుంది, పీచు విడిగా ఇస్తారు. బ్రెడ్ అదే, అంకె మాత్రం మారిపోయింది. నేను మొదట్లో ఈ సంగతి తెలియక రెండు ప్రాంతాల పట్టికల్ని ఒకే షీట్‌లో కలిపేసి, పీచును కొన్నిటికి రెండుసార్లు తీసేసి, ఇంకొన్నిటికి అసలు తీయకుండా వదిలేసి, వారాల తరబడి చేసిన లెక్కంతా చెత్తబుట్టలో పడేశాను. తప్పు పూర్తిగా నాదే, పట్టికల ముందుమాట చదివి ఉంటే సరిపోయేది.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని బ్రిటిష్ పట్టికల్లో స్టార్చ్‌ను స్టార్చ్ బరువుగా కాక, అది విడిపోతే వచ్చే గ్లూకోజ్ బరువుగా రాస్తారు. విడిపోయేటప్పుడు ప్రతి లంకె దగ్గరా ఒక నీటి అణువు చేరుతుంది కాబట్టి 100 గ్రాముల స్టార్చ్ దాదాపు 110 గ్రాముల గ్లూకోజ్ అవుతుంది. అందుకే అక్కడ గ్రాముకు 4 కిలోకేలరీలు కాకుండా 3.75 వాడతారు. స్టార్చ్ ఎక్కువున్న ఆహారాల దగ్గర 10 శాతం తేడా కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి.

2. ల్యాబ్‌లో ఎలా కొలిచారో చూడండి

తీసివేత లెక్కలో ఒక తమాషా ఏమిటంటే, ఇతరుల తప్పులన్నీ కార్బోహైడ్రేట్ నెత్తినే పడతాయి. ఉదాహరణకు ప్రోటీన్. దాన్నీ నేరుగా కొలవరు, 1883లో డెన్మార్క్‌లో జొహాన్ కెల్డాల్ కనిపెట్టిన పద్ధతితో నత్రజని కొలిచి ఒక గుణకంతో హెచ్చిస్తారు. మామూలుగా ఆ గుణకం 6.25, గోధుమ పిండికైతే 5.7. నమూనాలో నత్రజని 1.4 గ్రాములు అనుకుంటే ఒక లెక్కలో ప్రోటీన్ 8.75, ఇంకో లెక్కలో 7.98. ఆ ముప్పావు గ్రాము తేడా గాల్లో కలిసిపోదు, తిన్నగా వెళ్లి కార్బోహైడ్రేట్ గడిలో కూర్చుంటుంది. ఆరబెట్టేటప్పుడు తేమ సరిగా పోకపోయినా అంతే.

నేరుగా కొలిచే పద్ధతులూ ఉన్నాయి. చక్కెరల్ని విడివిడిగా కొలవడానికి హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాల్ని వేరుచేసి కొలిచే యంత్రం) వాడతారు. స్టార్చ్‌ను ఎంజైములతో గ్లూకోజ్‌గా విరిచి ఆ గ్లూకోజ్‌ను కొలుస్తారు. 1956 నాటి ఫినాల్, సల్ఫ్యూరిక్ ఆమ్లం పద్ధతి చవక, త్వరగా అయిపోతుంది, కానీ అది అన్ని రకాల చక్కెరల్నీ కలిపి ఒకే రంగుగా చూపిస్తుంది. ఒక పత్రంలో ఈ ఒక్క పద్ధతే వాడి 'స్టార్చ్ ఇంత' అని తేల్చేస్తే నేనైతే అక్కడే పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెడతాను.

పీచు సంగతి మరీ చిక్కు. అమెరికా, యూరప్, ఇంకా చాలాచోట్ల చాలా ఏళ్లు నడిచిన ప్రాస్కీ పద్ధతిలో ఆల్కహాల్ పోసి అడుక్కి దిగినదాన్నే పీచు అంటారు. ఆల్కహాల్‌లో కరిగిపోయే చిన్న గొలుసులు, ఒలిగోసాకరైడ్లు, అందులో చిక్కవు. జీర్ణం కాని స్టార్చ్ కూడా కొంత తప్పించుకుంటుంది. తర్వాత వచ్చిన మెక్‌క్లియరీ పద్ధతి వీటినీ పట్టుకుంటుంది. 2009లో కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) నిర్వచనం వచ్చినప్పుడు పది, అంతకు మించి చక్కెర యూనిట్లున్న గొలుసుల్ని పీచు అని, మూడు నుంచి తొమ్మిది దాకా ఉన్నవాటిని చేర్చుకోవాలా వద్దా అన్నది ఏ దేశానికి ఆ దేశం తేల్చుకోమని వదిలేశారు. కాబట్టి పాత పత్రంలో బీన్స్ పీచునీ కొత్త పత్రంలో బీన్స్ పీచునీ పక్కపక్కన పెట్టి 'బీన్స్‌లో పీచు పెరిగింది' అనేయకండి. పెరిగింది బీన్స్‌లో పీచు కాదు, వల మెష్ మారింది.

3. ఆహారం ఏ రూపంలో నోట్లోకి వెళ్లింది?

స్టార్చ్ అంటే గ్లూకోజ్ గొలుసే, సెల్యులోజ్ అన్నా గ్లూకోజ్ గొలుసే. తేడా అంతా లంకెలో ఉంది: స్టార్చ్‌లో ఆల్ఫా, సెల్యులోజ్‌లో బీటా. ఆల్ఫా లంకెను మన ఉమ్మిలో, పేగులో ఉండే అమైలేజ్ అనే ఎంజైము కత్తిరిస్తుంది, సెల్యులోజ్‌లోని బీటా లంకెను కత్తిరించే ఎంజైము మన దగ్గర లేదు. బ్రెడ్ ముక్క నోట్లో పెట్టుకుని మింగకుండా రెండు మూడు నిమిషాలు నములుతూ ఉంటే తియ్యగా అనిపించడం మొదలవుతుంది. కాగితం ముక్క ఎంతసేపు నమిలినా తియ్యబడదు, ఎందుకంటే అది సెల్యులోజ్.

కానీ లంకె ఒక్కటే సరిపోదు, ఎంజైము దాని దాకా చేరాలి కదా. పచ్చి బంగాళాదుంప స్టార్చ్ గట్టి గింజలా ఒత్తుగా పేర్చి ఉంటుంది, ఎంజైముకు లొంగదు. నీళ్లలో ఉడికిస్తే గింజ ఉబ్బి, పగిలి, గొలుసులు విచ్చుకుంటాయి, అప్పుడు గబగబా జీర్ణమవుతుంది. ఉడికినదాన్ని చల్లారబెడితే కొన్ని గొలుసులు మళ్లీ దగ్గరికి చేరి స్ఫటికంలా బిగుసుకుంటాయి, ఆ భాగం తిరిగి మొండికేస్తుంది. బ్రెడ్ మరుసటి రోజుకు గట్టిపడటంలో కూడా ఇదే పెద్ద కారణం.

1992లో హాన్స్ ఎంగ్లిస్ట్ బృందం దీనికో కొలమానం ఇచ్చింది. 37 డిగ్రీల దగ్గర ఎంజైములతో కలిపి కదిలిస్తూ, 20 నిమిషాల్లోపు గ్లూకోజ్ అయిపోయేది త్వరగా జీర్ణమయ్యే స్టార్చ్, 20 నుంచి 120 నిమిషాల మధ్య అయ్యేది నెమ్మది స్టార్చ్, ఆ తర్వాత కూడా మిగిలినది మొండి స్టార్చ్ అన్నారు. ఈ మొండి స్టార్చ్ చిన్న పేగు దాటి పెద్ద పేగుకు చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. వీటిలో బ్యుటిరేట్ పెద్ద పేగు గోడ కణాలకు ఇష్టమైన ఇంధనం.

కాబట్టి పత్రంలో 'ఓట్స్ ఇచ్చాం' అని ఉంటే ఆగి అడగండి. ముక్కలుగా తరిగినవా, అణిచిన రేకులా, పిండా? ఉడికించారా? ఎంతసేపు? చల్లార్చారా? ఇవి రాయని పత్రాన్ని ఎవరూ తిరిగి చేసి చూడలేరు.

4. గ్లైసీమిక్ ఇండెక్స్ అన్న అంకెను చేత్తో ఒకసారి లెక్కేయండి

ఒక ఆహారం తింటే రక్తంలో గ్లూకోజ్ ఎంత పెరుగుతుందో చెప్పే అంకె ఇది, 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించినది. ఇప్పుడు దానికి ఐఎస్ఓ 26642 అనే ప్రమాణం ఉంది. కనీసం పది మంది ఆరోగ్యవంతులు కావాలి. రాత్రంతా పస్తు ఉన్నాక, మామూలుగా 50 గ్రాముల అందే కార్బోహైడ్రేట్ ఉన్నంత ఆహారం తినిపించి, రెండు గంటలపాటు వేలి కొస నుంచి రక్తం తీసి గ్లూకోజ్ చూస్తారు. ఇంకో రోజు అదే మనిషికి అంతే గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇచ్చి మళ్లీ చూస్తారు. రెండు రోజుల రీడింగుల్నీ గ్రాఫ్‌గా గీస్తే, పస్తు స్థాయికి పైన మొదటి గీత కింది వైశాల్యం రెండోదానిలో ఎంత శాతమో, అదే ఇండెక్స్. 55, అంతకు లోపు అయితే తక్కువ, 70, ఆ పైన అయితే ఎక్కువ.

చదివితే తేలిగ్గానే ఉంటుంది, కానీ కాగితం పెన్ను తీసుకుని ఒక్కసారి చేస్తే గానీ దీని బలహీనత అర్థం కాదు. ఒక మనిషి రీడింగులు ఇలా ఉన్నాయనుకోండి (లెక్క సులువుగా ఉండాలని అరగంటకు ఒకటే పెట్టాను, అసలు పరీక్షలో మొదటి గంట పావుగంటకోసారి తీస్తారు): పస్తున 90, అరగంటకు 130, గంటకు 120, గంటన్నరకు 100, రెండు గంటలకు 85. అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాములు.

పస్తు అంకె తీసేస్తే పెరుగుదల 0, 40, 30, 10, మైనస్ 5. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా వైశాల్యం: మొదటి అరగంట 600, రెండోది 1050, మూడోది 600. నాలుగో అరగంటలో గీత 20 నిమిషాల దగ్గర పస్తు స్థాయి దాటి కిందికి పోతుంది, కాబట్టి అప్పటిదాకా ఉన్న త్రిభుజం మాత్రమే, 100. మొత్తం 2350. ఇదే మనిషికి గ్లూకోజ్ నీళ్లతో 4000 వచ్చిందనుకుంటే ఇండెక్స్ 59. మధ్యస్థం.

సరే, ఇప్పుడు ఒక్క పస్తు రీడింగు మాత్రం మార్చండి. 90 బదులు మీటరు 95 చూపించింది. వేలి చుక్కల మీటర్లలో ఇది ఏమంత పెద్ద తేడా కాదు. పెరుగుదలలు 35, 25, 5, మైనస్ 10 అవుతాయి, వైశాల్యాలు 525, 900, 450, 25. మొత్తం 1900, ఇండెక్స్ 47.5. ఐదు మిల్లీగ్రాముల తేడాకే ఆహారం 'మధ్యస్థం' నుంచి 'తక్కువ'లోకి జారిపోయింది! అందుకే పస్తు రక్తం ఒకటికి రెండుసార్లు తీస్తారు, గ్లూకోజ్ పరీక్ష కూడా ఒకటికన్నా ఎక్కువసార్లు చేస్తారు, పది మంది సగటు తీస్తారు. ఒక ఆహారానికి 52, ఇంకోదానికి 57 అని చూసి మొదటిది మేలనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చేసి చూడాలి.

ఇంకోటి, ఆ 50 గ్రాముల సంగతి. పుచ్చకాయలో 100 గ్రాములకు అందే కార్బోహైడ్రేట్ 7 గ్రాములే. 50 గ్రాములు కావాలంటే దాదాపు 700 గ్రాముల గుజ్జు ఒకేసారి కూర్చుని తినాలి. మామూలుగా తినే 120 గ్రాముల ముక్కకు ఇండెక్స్ 72 అనుకున్నా, గ్లైసీమిక్ లోడ్ లెక్కేస్తే (ఇండెక్స్‌ను అందే గ్రాములతో హెచ్చించి 100తో భాగించాలి) ఆరే వస్తుంది. పది లోపు ఉంటే తక్కువ అంటారు. ఇండెక్స్ చూసి పుచ్చకాయకు భయపడినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

పైగా ఇండెక్స్ ఆహారానికి చెందిన అంకె, మీది కాదు. 2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 800 మందికి గ్లూకోజ్ సెన్సర్లు పెట్టి చూస్తే ఒకే ఆహారానికి ఒక్కొక్కరి రక్తం ఒక్కోలా స్పందించింది.

5. తక్కువ అంటే ఎంత? దేనికి బదులుగా?

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. మనిషి కార్బోహైడ్రేట్ తగ్గిస్తే ఆ ఖాళీలోకి ఇంకేదో వస్తుంది, కొవ్వో ప్రోటీనో. లేదంటే మొత్తం తిండే తగ్గుతుంది. అది చెప్పకుండా 'కార్బ్స్ తగ్గించారు, ఫలితం వచ్చింది' అంటే సగం మాటే చెప్పినట్టు. పైగా లో కార్బ్ అన్న మాట ఒక పత్రంలో రోజుకు 20 గ్రాములు, ఇంకోదాంట్లో మొత్తం శక్తిలో 40 శాతం. ఈ రెండిటికీ పేరులో తప్ప పోలికే లేదు.

రెండు పెద్ద అధ్యయనాలు పక్కపక్కన పెట్టుకుందాం. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్యూర్ అధ్యయనం 18 దేశాల్లో 1,35,335 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించి, కార్బోహైడ్రేట్ వాటా బాగా ఎక్కువున్నవాళ్లలో మరణాలు ఎక్కువని చెప్పింది. 2018లో వచ్చిన ఇంకో విశ్లేషణ అమెరికాలోని 15,428 మందిని పాతికేళ్ల దాకా చూసి, 50 నుంచి 55 శాతం దగ్గర ప్రమాదం అన్నిటికన్నా తక్కువని, అటు పెరిగినా ఇటు తగ్గినా ప్రమాదం పెరిగిందని చెప్పింది. అంతేకాదు, తగ్గించిన కార్బోహైడ్రేట్ స్థానంలో మాంసం నుంచి కొవ్వు, ప్రోటీన్ వస్తే మరణాలు పెరిగాయి, మొక్కల నుంచి వస్తే తగ్గాయి.

రెండూ గమనింపు అధ్యయనాలే. ఎవరు ఏం తిన్నారో ప్రశ్నపత్రం ఇచ్చి అడిగి రాసుకున్నవే. పాతికేళ్ల అధ్యయనంలో తిండి వివరాలు అడిగింది రెండేసార్లు, ఆరేళ్ల తేడాతో. ఇక శక్తిలో 75 శాతం పైగా కార్బోహైడ్రేట్ నుంచే వస్తోందంటే, చాలాచోట్ల అది పేదరికానికి గుర్తు. వేరే తిండి కొనలేక తినేది అది. వైద్యం అందకపోవడమూ ఆ ఇంట్లోనే ఉంటుంది. గణాంకాలతో ఈ ప్రభావాల్ని కొంత సరిదిద్దగలరు, పూర్తిగా కడిగేయలేరు.

ప్రయోగాల వైపు వస్తే, 2018లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని చీటీలేసినట్టు రెండు గుంపులు చేసి, ఒకరికి కొవ్వు తగ్గించమని, ఇంకొకరికి కార్బోహైడ్రేట్ తగ్గించమని చెప్పింది. రెండు గుంపులకూ కూరగాయలు ఎక్కువ, చక్కెర, మైదా తక్కువ. ఏడాది తర్వాత కొవ్వు తగ్గించిన గుంపు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. సగటు ఇలా ఉన్నా, రెండు గుంపుల్లోనూ పాతిక కిలోలు తగ్గినవాళ్లూ ఉన్నారు, పెరిగినవాళ్లూ ఉన్నారు. సగటు మాత్రమే ఇచ్చి, ఒక్కొక్కరి ఫలితం ఎంత అటూ ఇటూ ఉందో చూపించని పత్రాన్ని నమ్మకండి.

6. శాతాలు చూసి కంగారు పడకుండా తలలు లెక్కపెట్టండి

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం న్యూజిలాండ్ పరిశోధకులు 185 గమనింపు అధ్యయనాలు, 58 ప్రయోగాలు కలిపి చూశారు. పీచు బాగా తినేవాళ్లలో మరణాలు 15 నుంచి 30 శాతం తక్కువని తేలింది, రోజుకు 25 నుంచి 29 గ్రాముల దగ్గర లాభం స్పష్టంగా కనిపించింది. ఇదే మాట తలల లెక్కలో చెప్తే వెయ్యి మందికి 13 మరణాలు తక్కువ. అది చిన్న విషయమని కాదు, పోషకాహారంలో ఇంత గట్టిగా నిలిచే ఫలితాలు అరుదు. కానీ '30 శాతం' వింటే మన మనసులో పుట్టే బొమ్మ వేరు, 'వెయ్యికి 13' వింటే పుట్టే బొమ్మ వేరు. పత్రంలో రెండోది లేకపోతే మీరే వేసుకోండి.

డబ్బు ఎవరిచ్చారు, ఏది కొలవబోతున్నారో ముందే నమోదు చేశారా, ఈ రెండూ కూడా చూడండి. ఎక్కువగా మొదటి పేజీలోనో చివరి పేజీలోనో ఉంటాయి, రెండు నిమిషాల పని.

7. ఒక పత్రం మీద ఇదంతా వేసి చూద్దాం

నేను ప్రతి పత్రానికీ ఒక కాగితం మీద ఐదు గడులు గీసుకుంటాను: ఏది, ఎంత, దేనికి బదులు, ఎవరిలో ఎన్నాళ్లు, ఏం కొలిచారు. 2021లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన కెవిన్ హాల్ ప్రయోగంతో నింపుతాను.

ఏది, ఎంత: ఒక భోజనంలో శక్తిలో 75 శాతం కార్బోహైడ్రేట్, 10 శాతం కొవ్వు, ఎక్కువగా మొక్కల నుంచి. ఇంకో భోజనంలో కార్బోహైడ్రేట్ 10 శాతం, కొవ్వు 75 శాతం దాకా, ఎక్కువగా జంతువుల నుంచి. దేనికి బదులు: కార్బోహైడ్రేట్‌కు బదులు కొవ్వు. ప్రోటీన్ మాత్రం రెండు భోజనాల్లోనూ ఇంచుమించు సమానం. ఇక్కడిదాకా చక్కగా ఉంది.

ఎవరిలో, ఎన్నాళ్లు: అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధన ఆసుపత్రిలోనే ఉంచిన 20 మంది, ఒక్కో భోజనం రెండు వారాలు, అందరూ రెండూ తిన్నారు, కావలసినంత తినొచ్చు. గుర్తుపెట్టుకుని చెప్పిన లెక్క కాదు, తిన్నది వదిలేసింది తూకం వేసిన లెక్క. అందుకే మనుషులు తక్కువైనా దీనికి నేను బరువిస్తాను. కానీ రెండు వారాలే.

ఏం కొలిచారు: కార్బోహైడ్రేట్ ఎక్కువున్న భోజనంలో తిన్నాక గ్లూకోజ్, ఇన్సులిన్ బాగా పెరిగాయి. ఇన్సులిన్ పెరిగితే ఆకలి పెరిగి ఎక్కువ తింటారు అన్న వాదన నిజమైతే ఈ భోజనం ఇచ్చినప్పుడే ఎక్కువ తినాలి. కానీ కొవ్వు ఎక్కువున్న భోజనంతో పోలిస్తే తిన్నది రోజుకు 689 కిలోకేలరీలు తక్కువ.

ఈ అంకె చూడగానే 'కొవ్వే చెడ్డది' అని రాసేయాలనిపిస్తుంది. 'ఏది' అన్న గడి మళ్లీ చూడండి. భోజనాలు మొక్కలు, జంతువులు అన్న తేడాతో కూడా వేరుగా ఉన్నాయి, పీచులో వేరు, గ్రాముకు ఎన్ని కేలరీలు అన్నదాంట్లోనూ వేరు. 689లో ఎంత భాగం దేని వల్లో ఈ ఒక్క ప్రయోగం విడదీయలేదు. నా కాగితం మీద ఆ గడి పక్కన 'పీచు? గ్రాముకు కేలరీ?' అని పెన్సిల్‌తో రాసి ఉంది, ఇంకా చెరపలేదు.